గూడ్స్ షెడ్డు ఊడ్చిన పూట

ఆ రోజు వనమాలకు తెల్లవారకముందు నుంచే కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద చాయ్ పెట్టి మరిచిపోయింది, అది పొంగిపోయాక గిన్నెను తిట్టింది. పొద్దున కంపెనీ సార్లు వస్తున్నారు మరి.

కేసముద్రం స్టేషను పక్కన పాత గూడ్స్ షెడ్డు ఉంది. అక్కడ గూడ్సు బండ్లు ఆగడం మానేసి చాలా ఏళ్లయింది. రైల్వే వాడకుండా వదిలేసిన ఆ జాగాలో ఆడవాళ్లు చిరిగిన గోనె సంచులు దులిపి, కుట్టి, మార్కెట్టు వ్యాపారులకు ఇస్తారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో గీత గీయకుండానే అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ స్థలాన్ని హైదరాబాదు కంపెనీ ఒకటి లీజుకు తీసుకుంది. దుకాణాలు కడుతుంది, పార్కు వేస్తుంది. అక్కడ పని చేసుకుంటున్నవాళ్లు ఉంటే వెనకవైపు వాళ్లకు షెడ్లు ఇవ్వాలని ఒప్పందంలో ఉందట. ఉన్నారో లేరో చూసి రాసుకోవడానికే సార్లు వస్తున్నది. వాళ్లు రాసుకుంటే షెడ్డు, లేదంటే రోడ్డు.

పెద్దమనుషులు వస్తున్నారంటే ఏం చేయాలో వనమాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చీపురు తీసుకుంది.

"గీ దుమ్ముల, గీ చింకి సంచుల నడుమ కూసుంటే మనల్ని మనుషులనుకుంటరా? అన్నీ తీసెయ్యాలె" అంది.

అందరిలోకీ పెద్దదైన వెంకటనర్సమ్మ నసిగింది. "పని చేసెటోళ్ల జాగ గిట్లనే ఉంటది గదనే."

"నువ్వు జర ఊకో అవ్వ. నీకేం తెల్వది."

వనమాల ఒకటి అనుకుంటే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా వినదు. ఎదురుగా గింజల వ్యాపారం చేసే ఉమేష్‌ను నిద్రలేపి గోదాము తీయించింది. "ఒక్కపూటకైతే పెట్టుకో అక్కా" అన్నాడు అతను. సంచులు, దబ్బనాలు, సుతిలి దారపు ఉండలు, కూర్చునే పీటలు, ఆఖరికి నీళ్ల కుండ కూడా లోపలికి పోయాయి. ఉమేష్ తాళం వేసి మహబూబాబాద్ వెళ్లిపోయాడు. ఆడవాళ్లు షెడ్డంతా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గులు పెట్టి, పెళ్లిళ్లకు కట్టే చీరలు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు.

సార్లు వచ్చారు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచారు. పెద్ద సారు నాలుగు వైపులా చూసి మెచ్చుకున్నాడు.

"ఇంత శుభ్రమైన సైటు నేను ఎక్కడా చూడలేదమ్మా."

వనమాల వెంకటనర్సమ్మ వైపు చూసింది, చూశావా అన్నట్టు. ఆ సంతోషం ఇంకా మొహం మీద ఉండగానే సారు వెనక ఉన్న కుర్ర ఇంజనీరుతో అన్నాడు: "ఖాళీ స్థలం. వాడకంలో లేదు. రాసుకో."

పరాచికం ఆడుతున్నాడేమో అనుకుని వనమాల నవ్వింది. సారు నవ్వలేదు.

"మేమున్నం గద సార్. ఈడనే సంచులు కుడుతం."

"ఏవమ్మా సంచులు?"

"గోదాముల పెట్టినం. మీరొస్తున్నరని."

సారు మంచివాడే, కసురుకోలేదు. "నేను చూసిందే రాయాలమ్మా. చూడనిది ఎలా రాస్తాను?" అని కారు వైపు నడిచాడు.

వనమాల ఉమేష్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పరుగెత్తి పోయి గోదాము తాళం పట్టుకుని గుంజింది. అది రాలేదు. మళ్లీ పరుగెత్తి వచ్చింది. ఆడవాళ్లందరూ తననే చూస్తున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

"కూసోండ్రి. ఎవరి జాగల ఆళ్లు కూసోండ్రి" అని అరిచింది.

అందరూ వెళ్లి తమ తమ చోట్లలో కటిక నేల మీద కూర్చున్నారు. పట్టుచీరల్లో, వట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని. కారెక్కబోతున్న కుర్ర ఇంజనీరు వెనక్కి తిరిగి చూసి, ముచ్చటపడి, ఫోటో తీసుకున్నాడు.

"తీసిండు. ఇగ రాస్తరు" అంది వనమాల. ఆ మాట ఇంటికి వెళ్లేదాకా ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

వానలు మొదలయ్యే లోపే జాగా చుట్టూ రేకుల ప్రహరీ లేచింది. సంచులు రోడ్డు పక్కకు చేరాయి, లారీ వచ్చినప్పుడల్లా లేచి పక్కకు జరగాలి. వనమాల ఒకచోట కూర్చోలేక రోజూ రేకుల సందుల్లోంచి తొంగి చూసేది. ఒకరోజు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో వాళ్ల ఫోటో ఉంది. వనమాల తన మొహాన్ని దూరం నుంచే గుర్తుపట్టింది.

"అవ్వా, మనల్ని ఏసిన్రు, రా" అని వెంకటనర్సమ్మను చేయి పట్టుకుని లాక్కుపోయింది.

దగ్గరికి వెళ్లి కింద అక్షరాలు కూడబలుక్కుంది. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. వెంకటనర్సమ్మకు చదువు రాదు.

"ఏం రాసిన్రే?"

వనమాల సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"మనం గీ జాగ ఊకె చూసిపోనీకి వచ్చినోళ్లమట అవ్వ" అంది.