టైలరు గ్లాసు

మా గదిలో రెండు మంచాలు. కిటికీ వైపుది టైలరుది, తలుపు వైపుది నాది. నేను నలభై ఏళ్లు కుళాయిల పని చేశాను. మాట తక్కువ. ఆయన నా వాటా కూడా కలిపి మాట్లాడేవాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

మా వృద్ధాశ్రమంలో ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదిరితే ప్రతి మంచానికీ ఒక కాగితం వేలాడదీస్తారు. రోజుకి ఎనిమిది గ్లాసులు. ఆరు నీళ్లు, రెండు పాలు. సిస్టరమ్మ గ్లాసు పెట్టి వెళ్తుంది. తిరిగొచ్చి ఖాళీ గ్లాసు తీసుకుని టిక్కు పెడుతుంది. ముసలివాళ్లకి దాహం వేసినా తెలియదట, అందుకని.

టైలరుకి తుంటి విరిగి అతికింది. బాత్రూముకి వెళ్లాలంటే బెల్లు నొక్కాలి, ఎవరైనా వచ్చి పట్టుకోవాలి. ఒకరోజు వాళ్లు వచ్చేసరికి ఆలస్యమై పక్క తడిసింది. దుప్పటి మార్చాక కూడా ఆయన గోడవైపే తిరిగి పడుకున్నాడు.

మర్నాడు గ్లాసు నావైపు జరిపాడు.

"బావా, ఇది నువ్వు లాగించెయ్."

"మరి నీకో?"

"పైన పొయ్యకపోతే కింద గొడవే ఉండదు. నీకు తెలియనిదా, కుళాయిలవాడివి!"

నవ్వాను. తాగేశాను. స్నేహం అనుకున్నాను. తరవాత రోజుకి నాలుగు, ఐదు. పాలు కూడా ఇచ్చేవాడు. పాలైతే ఇష్టంగానే తాగాను. అబద్ధం ఎందుకు?

ఆదివారం ఆయన కూతురు వచ్చింది. కాగితం చూసి మురిసిపోయింది.

"అన్నీ టిక్కులే! ఇంట్లో ఒక్క గ్లాసు తాగించాలంటే తలప్రాణం తోకకొచ్చేది. మీరు పక్కనుండబట్టే బాబాయ్!"

నా చేతిలో రెండు కమలాపళ్లు పెట్టింది. టైలరు నాకేసి కన్ను గీటాడు. ఆయన పెదవులు పగిలి ఉన్నాయి. చొక్కా మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులైంది. చూశాను. చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన నన్ను బావా అనలేదు. "కొలతలిచ్చి వెళ్లండి సార్" అన్నాడు. టేపు పట్టుకున్నట్టు గాల్లో చేతులు చాపాడు. వేళాకోళం అనుకుని కాసేపు నవ్వాను కూడా. అదీ నా తెలివి. ఆయన నోరు తెరిస్తే నాలుక చెక్కలా ఎండిపోయి ఉంది. బెల్లు నేనే నొక్కాను. ఆస్పత్రికి తీసుకెళ్లారు.

సిస్టరమ్మ కాగితం పట్టుకుని నిలబడిపోయింది. "ఎనిమిదికి ఎనిమిదీ తాగాడు. ఒంట్లో నీళ్లే లేవంటాడేంటి డాక్టరు?"

"నేను తాగాను" అన్నాను.

"ఏంటి తాతా?"

"అవి. నేనే తాగాను. పదకొండు రోజులు. పక్క తడిసింది కదా, ఆ సిగ్గుతో ఆయన మానేశాడు."

ఆవిడ నా మంచం మీద కూలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఖాళీ గ్లాసే చూశాను గానీ, తాగుతుంటే చూశానా నేను?" అంది.

కూతురికి ఫోన్లో నేనే చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక ఒకేసారి అంత మాట్లాడింది లేదు.

"ఆదివారం నోరు పెగల్లేదా బాబాయ్?" అని పెట్టేసింది.

ఆరో రోజున టైలరు తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఇప్పుడు బెల్లు కోసం చూడకుండా రెండు గంటలకోసారి వాళ్లే వచ్చి బాత్రూముకి తీసుకెళ్తున్నారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. సాయంత్రం గ్లాసు సిస్టరమ్మ నా చేతికిచ్చింది. "ఇది మీ పూచీ తాతా" అని వెళ్లిపోయింది.

"చెప్పేశావా బావా?" అన్నాడు టైలరు.

"ఊఁ."

"ద్రోహివి."

"ఊఁ."

రెండు గుక్కలు తాగి, మిగిలింది నావైపు చాపాడు. నాకు నిజంగానే దాహంగా ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నా చేతులకేసి చూశాడు. విసుక్కుంటూ మిగతాది తాగాడు.

కాసేపటికి "పద బాత్రూముకి. నీ వల్లే ఇదంతా" అన్నాడు. బెల్లు నొక్కి, వాళ్లు వచ్చేదాకా ఆయన్ని లేపి కూర్చోబెట్టి వీపు వెనక చెయ్యి వేశాను. చొక్కా మెడలో ఇప్పుడు మూడు వేళ్లు పడతాయి.