లెక్కకు మించిన ఒక్కపొద్దులు

డీఎస్సీలో ఒకటిన్నర మార్కుతో టీచరు ఉద్యోగం తప్పిపోయిన సాయంత్రం, ఇర్ఫానా వంటింటి తలుపు వేసుకుని ఇంటిల్లిపాదికీ వండిన అన్నం నిలబడే తినేసింది. ఆకలి కాదు. ఏడుపు గొంతు దాకా వచ్చినప్పుడల్లా దాని మీద ఒక ముద్ద వేసి అణిచింది. తర్వాత అంతా కక్కేసింది. కక్కినాక కాసేపు లోపల నిమ్మళం. ఆ నిమ్మళమే అలవాటైంది.

బత్తలపల్లెలో ఆ వీధికి మొదటి బీఈడీ ఆమెది. పరుపులు కుట్టి చదివించిన నాయన దాదాపీర్ ఒక్క మాట అనలేదు. అననందుకే ఆయన ఎదుట కంచం ముందు కూర్చోలేకపోయింది.

రంజాన్‌లో నెలసరి వల్ల తప్పిన ఒక్కపొద్దులు తర్వాత పట్టి తీర్చుకోవాలి. "కజా రోజాలు పడతాండా" అని ఇర్ఫానా అంటే పగలు మంచినీళ్లు తాగమని కూడా ఎవరూ అడగరు. పొద్దుగూకినాక రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, తలనొప్పని పడుకునేది. తల్లి మాబున్నీసా భక్తి అనుకుని మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం పక్కింటి బయమ్మ గోడ మీదుగా పలకరించింది. "ఏం మే మాబూ, నీ కూతురు ఎండుమిరపకాయ మాదిరి అయిపోయింది. మీ దేవునికి ఇంకా సాల్లేదా?"

"నీ మాదిరి ఒక్కపొద్దని చెప్పి ఆరు దోసెలు తినే రకం కాదులే మా పిల్ల!" మాబున్నీసా నవ్వింది.

"తింటా, దాచేదేముండాది? అయినా ఎన్ని తప్పినాయని ఇన్ని పడతాంది?"

లోపలున్న ఇర్ఫానాకు అమ్మ నవ్వు మళ్లీ వినబడలేదు. మాబున్నీసా వచ్చి గడపలో నిలబడింది.

"ఎన్ని పోయినాయే నీకు?"

"ఏడు."

"పట్టింది?"

ఒక్కపొద్దు మీద అబద్ధమాడటం ఇర్ఫానాకు చేతకాలేదు. "ఇరవై మూడు."

"మిగతావి ఎవరికి పట్టినావు?"

"తింటే ఆపుకోలేనమ్మా. తిన్నాక కడుపులో ఉంచుకోలేను. అందుకే..."

మాబున్నీసాకు సగమే అర్థమైంది. "ఊరంతా గొప్పగా చెప్పుకుంటినే" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఒక్కపొద్దు ఇడువు."

"ఇంకా పొద్దుండాది."

"ఇది దేవునిది కాదు. తాగు. పాపముంటే నాకు రానీ."

ఇర్ఫానా తాగింది.

"రేపు అనంతపురం ఆస్పత్రికి పోదాం. మీ నాయనకు నేను చెప్తా."

"ఏమని చెప్తావు?"

ఆ జబ్బుకు మాబున్నీసా దగ్గర పేరు లేదు.

"మా పిల్లకు అన్నమంటే భయమైంది అని చెప్తా."

ఇర్ఫానా తల ఊపింది. మాట నిజమే. అయినా కడుపులో పడిన ఆ కాసిన్ని నీళ్లూ బరువుగానే ఉన్నాయి.