తోక మూసిన మావు

నేను ఒక మావును. వెదురు బద్దలతో అల్లి, నీటి వాలులో పెట్టి చేపలు పట్టే బుట్టను. ఉప్పుటేటి గట్టున ఉండే పైడమ్మ నన్ను అల్లింది. నా మూతిలోంచి దూరిన చేప వెనక్కి పోలేదు. తోక దగ్గర కట్టు విప్పి దాన్ని తీస్తారు. ఆ కట్టుకు పైడమ్మ కొబ్బరి పీచు తాడే వాడేది. తడిస్తే అది బిగుసుకుంటుంది.

వాళ్ళ పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఏటికి కొత్తనీరు రాగానే, పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రానికి బయలుదేరతాయి. ఆ నీరు తీసేదాకా మావులన్నిటికీ తోకలు విప్పి ఉంచుతారు. తల్లి మలుగు నా మూతిలో దూరి తోకలోంచి జారిపోతుంటే నాకు చక్కిలిగిలిగా ఉండేది.

అప్పుడు దిగాడు జగపతిరాజు. రొయ్యల హేచరీని మలుగుల హేచరీగా మార్చాడు. తొట్టెల్లో పిల్లల్ని పుట్టిస్తే ఏట్లో చేప ఏట్లోనే ఉంటుందని గేటు మీద బోర్డు రాయించాడు. మంచి మాటే. కాని పుట్టించడానికి తల్లులు కావాలి కదా! ఏటిని కాపాడటం కోసం ఏట్లో తల్లులన్నిటినీ పట్టించాడు. మనుషుల తెలివికి దండం పెట్టాలి.

కొత్తనీటి రోజున పైడమ్మ అడ్డుపడింది.

"సముద్రానికెల్లే తల్లిని ఆపకూడదండి రాజుగారూ. ఉసురు తగులుద్దండి."

"ఆ ఉసురేదో నేను పడతాలే, పక్కకి జరుగు," అని నా తోకను తనే ప్లాస్టిక్ వైరుతో కట్టేశాడు. వీణ్ణి వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

తొట్టెలో ట్యూబులైట్ల వెలుగుకు బెదిరి తల్లులు గోడలకు కొట్టుకున్నాయి. దాక్కోవడానికి చోటుంటుందని నన్నూ అందులో పడేశాడు. సూదిమందుకు వాటి పొట్టలు ఉబ్బేవి, గుడ్లు మాత్రం బయటికి వచ్చేవి కావు. ఒక్కొక్కటే నాలోనే చచ్చిపోయాయి. నా బద్దల మధ్య చల్లబడిన ఆ ఒళ్ళను నేను మరిచిపోలేదు.

చివరికి ఒక్క తల్లి మిగిలింది. దాని గుడ్లు చూపించకపోతే హేచరీ మూసేస్తామన్నారు వాడి భాగస్థులు. వాళ్ళు వచ్చిన రోజున పైడమ్మ కూడా అక్కడే ఉంది. ఏట్లో చేప లేక, తొట్టెలు కడిగే పనికి కుదిరింది పాపం.

"మావు నేనెత్తనా అండీ?" అంది.

"నువ్వాగు," అన్నాడు. అందరి ముందూ గొప్ప చూపించుకోవాలి కదా! తల్లి లోపల ఉండగానే నన్ను పైకెత్తాడు. నేను కాచుకుని ఉన్నది దీనికే. పెచ్చులేచిన బద్దను వాడి అరచేతిలో కసుక్కున దించాను. కెవ్వుమని తోకవైపు వదిలేశాడు. తడి వెదురు మీద ప్లాస్టిక్ వైరు నిలుస్తుందా? జారిపోయింది. తల్లి నేల మీద పడి, మురుగుకాలువలో దూరింది. ఆ కాలువ ఏట్లోకే పోతుంది.

"పట్టుకోవే పైడమ్మా!" అని అరుస్తూ వాడు ఇస్త్రీ చొక్కాతో కాలువలో బోర్లా పడ్డాడు. పైడమ్మ చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది. హాయిగా అనిపించింది నాకు.

హేచరీకి తాళం పడింది. వాడు నన్ను కాళ్ళతో తొక్కి గట్టు మీద చెత్తలో పారేశాడు. నడుము విరిగింది. విరిగితే విరిగింది.

మళ్ళీ కొత్తనీరు వచ్చింది. నిన్న వాడు పైడమ్మను వెతుక్కుంటూ గట్టుకు వచ్చాడు.

"ఇంకో మావు అల్లిపెట్టవా పైడమ్మా? ఒక్క తల్లి చాలు."

"అల్లుతానండి. తోక మాత్రం మూయను. పట్టుకెల్తారా?"

వాడు ఎడమచేత్తో కుడి అరచెయ్యి నొక్కుకుంటూ నిలబడ్డాడు. నా పేడు ముక్క ఒకటి అందులో ఇంకా ఉంది. సలుపుతూనే ఉంటుంది. సలపనీ.