మొహం అరువిచ్చినవాడు

బావ నడిపే వీడియో ప్రకటనల కంపెనీలో ఉన్నది ముగ్గురే: బావ, బావమరిది, కెమెరా. ఒకరోజు కిరాయికి పిలిచిన నటుడు డుమ్మా కొడితే, మూలన ఎడిటింగు చేసుకునే బావమరిదే "నా మోకాళ్ల నొప్పి మాయం" అంటూ కెమెరాకేసి నవ్వాడు. అంతే, ప్రతి దుకాణమూ ఆ నవ్వే కావాలంది. ఏడాది తిరిగేసరికి వీడియోల్లో మనవాడి బట్టతల మీద జుట్టు మొలిచింది, మూడుసార్లు పెళ్లి కూడా కుదిరింది.

"నా మొహం నాకిచ్చెయ్ బావా."

"అది నీదెక్కడిది బామ్మర్దీ? కస్టమర్లది."

విసిగిపోయి, చెప్పాపెట్టకుండా వేరే కంపెనీకి ఎడిటింగు ఉద్యోగం అడగడానికి వెళ్లాడు. అక్కడి మేనేజరమ్మ చూడగానే గుర్తుపట్టింది.

"మీరేనా? ఎడిటింగెందుకండీ, ఇలా కెమెరా ముందు కూర్చోండి."

అతను ఏడుపుమొహం పెట్టి కాదనబోయాడు. ఆవిడ లైటు వెయ్యగానే, పాడు మొహం అతన్నడక్కుండానే నవ్వేసింది.