నేనే పెట్టిన నియమం

నా నోటికి జడవనివాళ్లు మా హైఫా ఊళ్లో తక్కువ. మా ఆయన నా మాటలు వినలేకే ముందుగా కన్నుమూశాడని మా చెల్లెలు నిట్సా ఎకసెక్కెమాడేది. అలాంటి నేనే మావాళ్లకు ఒక నియమం పెట్టాను. శుక్రవారం ఒంటిగంట నుంచి రెండింటిదాకా, యుద్ధం ఆపమని కూడలిలో నిలబడినంతసేపూ ఎవరూ పెదవి విప్పకూడదు.

గాజాలో చనిపోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని పదిమంది ఆడవాళ్లం నిలబడితే, కార్లు ఆపి మరీ తిట్టేవారు. "సిగ్గులేని ముసలిదానా! ఆ గాజాకే పోయి చావు!" నాలుక మీదకి వంద జవాబులొచ్చేవి. మింగేసేదాన్ని. నేను నోరు తెరిస్తే జనం పిల్లల ముఖాలు వదిలేసి నన్నే చూస్తారని నా వాదన.

నిట్సా ఏడాదిగా నాతో మాటలు మానేసింది. "నా కొడుకు అక్కడ యుద్ధంలో ఉంటే, నువ్విక్కడ వాడికి అడ్డంగా నిలబడతావా? నువ్వూ ఒక అక్కవేనా?" అని ఫోన్ పెట్టేసింది. "వాడు తిరిగి రావాలనే కదే నిలబడేది, మొద్దూ!" అని నేను అరిచేసరికి అటు వినేవాళ్లు లేరు.

దాని కొడుకు నదావ్ మాత్రం నన్ను వదల్లేదు. ఇరవై నాలుగేళ్లవాడు. రిజర్వు సైన్యం నుంచి మూడోసారి పిలుపొచ్చిన శుక్రవారం యూనిఫాంలో, భుజాన సంచీతో సరాసరి కూడలికే వచ్చాడు.

"పెద్దమ్మా, వెళ్తున్నా. బస్సు టైమైపోయింది."

గడియారం చూశాను. ఒంటిగంటా నలభై. కళ్లతోనే ఆగమన్నాను.

"ఒక్క మాట కూడా లేదా? అసలు నువ్వేనా?" అని నవ్వాడు. నా చేతిలోని ఫొటో కింద పేరు చదివాడు. సిద్రా, ఏడేళ్లు. చెయ్యి నొప్పికి, ఫొటో అతికించిన అట్ట పక్కకు ఒరిగిపోయింది. రెండు చేతులతో పట్టుకుని సరిచేశాడు. ఇంకాసేపు నిలబడ్డాడు. పక్కవాళ్లంతా నన్నే చూస్తున్నారు. కంచే చేను మేస్తే ఎలా? నేను నోరు విప్పలేదు. బస్సొచ్చింది, వెళ్లిపోయాడు.

రెండు కాగానే ఫోన్ చేశాను, లైను బిజీ. సాయంత్రం చేస్తే మోగనే లేదు. గాజాలోకి వెళ్లేముందు ఫోన్లు తీసేసుకుంటారు.

పదకొండో రోజున చనిపోయాడు.

మా యూదుల ఆచారంలో చావింట్లో ఏడు రోజులు తలుపు తీసే ఉంటుంది. తల్లి చిన్న పీట మీద కూర్చుంటుంది, ఆమె పలకరించేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదు. నాలుగు రోజులు వరసగా వెళ్లి నిట్సా ఎదురుగా కూర్చున్నాను. నాలుగు రోజులూ అది నా వైపు చూడలేదు. నేను వెళ్లింది ఓదార్చడానికి కూడా కాదు. వాడు కడసారి నా దగ్గరికొస్తే ఒక్క మాటైనా ఆడకుండా పంపేశానని చెప్పేసుకోవడానికి. అది కడుపులో పెట్టుకుని నేను బతకలేను. తిడితే తిట్టనీ, గెంటితే గెంటనీ.

ఐదో రోజు అది తలెత్తింది.

"అక్కా, బస్సెక్కాక నాకు ఫోన్ చేశాడు. పెద్దమ్మని కలిసొచ్చానన్నాడు. ఏమందిరా ఆ గయ్యాళిది అన్నాను." పీట నా వైపు జరుపుకుంది. "'ముద్దు పెట్టి, జాగ్రత్తగా వెళ్లి తొందరగా వచ్చెయ్యి నాన్నా అంది. పెద్దమ్మతో మాట్లాడమ్మా, పాపం' అన్నాడు. నువ్వు మంచిమాట చెప్పి పంపావు. నేనేమో బట్టలు మడతపెడుతూ, సరేలే ఉంటా అని పెట్టేశా."

దొంగవెధవ! నా కోసం అబద్ధమాడి పోయాడు.

"ఎలా అన్నావక్కా? వాడితో ఎలా అన్నావో అలాగే చెప్పు. ఒక్కసారి."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నిట్సా చేతులు నా మోకాళ్ల మీద ఉన్నాయి. ఏడాదైంది అది నన్ను తాకి.

"జాగ్రత్తగా వెళ్లి తొందరగా వచ్చెయ్యి నాన్నా," అన్నాను. వాడితో అనాల్సిన ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

నిట్సా కళ్లు మూసుకుంది. "మళ్లీ చెప్పక్కా."

చెప్పాను.