తనంతట తానే

ఎడమ అరచేతిలో తన బీపీ బిళ్ళ, కుడి అరచేతిలో మేస్త్రి మాత్ర పెట్టుకుని ఆయమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీట వాల్చుకుంది. మేస్త్రి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. సిమెంటు పనిలో పగిలిన వేళ్ళతో తన మాత్ర తీసుకుని ఆమె నోటి వంకే చూశాడు.

“ముందు నువ్వెయ్యి.”

“ఇద్దరం కలిసే. ఒకటి, రెండు...”

రెండు తలలూ ఒక్కసారే వెనక్కి వాలాయి. ఆమె గుటక పడిందని కళ్ళారా చూశాకే అతని గుటక పడింది. నాలుగేళ్ళుగా పూటపూటా ఇదే తంతు. మాత్రలో విషం ఉందని అతని చెవిలో ఎవరో చెబుతుంటారు. ఎదుటి మనిషి మింగి బతికుంటే తప్ప అతను మింగడు. మొదట్లో ఆమె చక్కెర పలుకు వేసుకునేది. “తర్వాత దేవుడు దయతలిచి బీపీ ఇచ్చాడు, ఉదయం పూటకైనా పంచదార కలిసొచ్చింది” అని నవ్వుతుంది.

“విమానం దిగిందహో!” వరండాలోంచి కేక వినిపించింది. తెల్లారింది మొదలు నోరు మూతపడదు కాబట్టి ఆ మనిషికి రేడియో అని పేరు. “మేస్త్రిగారి పొట్టలో క్షేమంగా దిగింది. ఇక ప్రయాణికులు టిఫినుకు దయచేయాలి!”

ఎనిమిది మంచాల ఇల్లది. మనసు చెదిరి, ఆసుపత్రి నుంచి బయటపడి, సొంత ఇళ్ళల్లో చోటు దొరకని వాళ్ళ కోసం మునిసిపాలిటీ అద్దెకు తీసుకుంది. వంటకూ ఊడుపుకూ మందులకూ, వాళ్ళలో వాళ్ళు పడే తగువులకూ అన్నిటికీ ఆయమ్మే దిక్కు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు సొంత అన్న ఇలాగే ఉంటే, ఇంట్లోవాళ్ళు పశువుల కొట్టంలో ఉంచి బయట గొళ్ళెం పెట్టారు. ఒక వానాకాలం తెల్లవారుజామున గొళ్ళెం తీసేసరికి అన్న లేడు, అన్న దేహమే ఉంది. పెళ్ళయినా, మొగుడు పోయినా, ఆసుపత్రిలో నేలలు తుడిచినా ఆ ఇనుప చప్పుడు ఆమెను వదల్లేదు. ఈ ఇంట్లో పడకగదులకు లోపల తప్ప బయట గొళ్ళేలు లేవు. వచ్చిన మొదటిరోజే స్క్రూలు విప్పించి పారేయించింది.

అన్నాలవేళకు మునిసిపాలిటీ ఆఫీసరమ్మ వచ్చింది. బల్ల మీద ఫైలు పెట్టి, తెరవకుండా కాసేపు దాని తాడుతో ఆడుకుంది.

“ఆయమ్మా, ఈ యేడు ఏడు మంచాలకే మంజూరు చేశారు. ఒకరు ఇంటికెళ్ళాలి.”

“ఎవరమ్మా?”

“మీరు రాసిందాన్నిబట్టే. స్నానం, బట్టలు, భోజనం, మాత్రలు, అన్నిటికీ ‘తనంతట తానే’ అని ఉన్నది మేస్త్రి ఒక్కడికే. తమ్ముడికి ఫోను చేశాం. నాలుగింటికి వస్తాడు.”

నెలనెలా ఆ ఫారం నింపేటప్పుడు బిడ్డల మార్కులు చెప్పుకునే తల్లి పూనేది ఆయమ్మకు. ‘సాయంతో’ అన్న గడిలో టిక్కు పెట్టాలంటే చెయ్యి వచ్చేది కాదు. మేస్త్రి మాత్రను తన చేత్తోనే కదా నోట్లో వేసుకుంటున్నాడు!

“ముచ్చటకొద్దీ రాశానమ్మా. పిల్లాడు పడుతూ లేస్తూ నాలుగడుగులేస్తే నడిచాడనే అంటాం కదా! నేను ఎదురుగా కూర్చుని మింగితేనే మింగుతాడు.”

“ఎదురుగా కూర్చోవడానికి ఫారంలో గడి లేదే.” ఆఫీసరమ్మ చెడ్డమనిషి కాదు. గొంతు తగ్గించింది. “వేసుకోలేడని నా కళ్ళతో చూస్తే మార్చి రాస్తాను. చూడకుండా రాయలేను.”

ఆ మాట చాలు ఆయమ్మకు. మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టయింది.

“చూసేదేముందమ్మా! వాడికేం చేతనవును? చెప్పందే తినడు, తిట్టందే నీళ్ళు పోసుకోడు. వట్టి చేతకానివాడు! నేను లేకపోతే ఒక్కపూట బతకడు!”

వరండాలో రేడియో ఆగిపోయింది. ఆయమ్మ తిరిగి చూసింది. కడిగిన కంచాలు పట్టుకుని మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అతను కంచాలు బల్లమీద పెట్టాడు. అలమరలోంచి తన డబ్బా తీసి, మధ్యాహ్నం మాత్ర ఏరుకున్నాడు. గ్లాసులో నీళ్ళు పోసుకుంటుంటే సగం ఒలికి ఒంటి మీది గళ్ళచొక్కా తడిసింది. అతను ఆయమ్మ నోటివైపు చూడలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి, మింగకు నాయనా, ఈ ఒక్కసారికి మింగకు, అని ఆమె లోలోపల మొక్కుకుంది.

అతను మింగాడు. నోరు తెరిచి, నాలుక ఎత్తి ఆఫీసరమ్మకు చూపించాడు.

ఆఫీసరమ్మ ఫైలు తెరిచి సంతకం పెట్టింది.

అన్నం ఎవరికీ సయించలేదు. చెయ్యి కడుక్కుంటున్న మేస్త్రి పక్కన ఆయమ్మ చేరింది.

“నువ్వెక్కడ వెళ్ళిపోతావోనని అన్నాను నాయనా. మనసులోంచి అన్నది కాదు.”

అతను కొళాయి కట్టేశాడు. “చేతకానివాడివని చెవిలోవాళ్ళు రోజూ అంటారు. నువ్వొక్కదానివే అనవని, నీ మాట వింటున్నాను ఇన్నాళ్ళూ.”



నాలుగింటికి తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు. నలిగిన యూనిఫారం, నిద్రలేని కళ్ళు. ఆయమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

“మాత్ర వేసుకునేటప్పుడు ఎదురుగా కూర్చో బాబూ. నువ్వూ ఏదో ఒకటి మింగు, పంచదార పలుకైనా సరే. నీ గుటక పడ్డం అతను చూడాలి.”

“నేను ఆరింటికల్లా డ్యూటీకి పోవాలమ్మా. మా ఆవిడా అంతే.” తమ్ముడు నొచ్చుకుంటూనే జేబులోంచి కాగితం తీశాడు. “తనే వేసుకుంటాడని ఇందులో రాశారుగా? మీ సంతకమే కదా ఇది?”

“నాదే,” అంది ఆయమ్మ.

మేస్త్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. రేడియో వరండా మెట్టు మీద నిలబడి చెయ్యెత్తాడు. స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రి వీపు నిటారుగానే ఉంది. తల తిప్పలేదు.

ఆయమ్మ లోపలికి వచ్చి ఎనిమిదో మంచం దుప్పటి తీసింది. మళ్ళీ పరిచింది. పొద్దు వాలుతోందని, ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. తువ్వాళ్ళు, దిండుగలీబులు ఒక్కొక్కటే భుజాన వేసుకుంటూ తీగ చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ, ఎవరూ చెప్పకుండానే ఉతికి, కాలరు సరిచేసి, రెండు క్లిప్పులు పెట్టి ఆరేసిన గళ్ళచొక్కా, ఇంకా తడి తడిగా, చేతుల అంచుల నుంచి ఒక్కొక్క చుక్కే రాలుస్తోంది.