చెవుల్రాజు విన్న ఇంజిన్

డ్రైవ్ విప్పి చూస్తే దాన్ని నడిపినవాడి జాతకం నాకు తెలిసిపోతుంది. ఇంజిన్లూ డ్రైవ్‌లూ కొని అమ్మడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. సముద్రం మీద పందేలకు వెళ్ళే పడవల సరుకు తప్ప ఇంకోటి నా దుకాణంలో దొరకదు. ఇంజిన్ పడవ లోపల ఉంటుంది. డ్రైవ్ వెనక బయటికి వేలాడుతూ, ఇంజిన్ బలాన్ని గేర్ల మీదుగా నీళ్ళలోని ప్రొపెల్లర్‌కు అందిస్తుంది. ఇంజిన్ గురించి అమ్మేవాడు ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు. గేరు పళ్ళు ఆడవు.

పోయిన సీజన్లో మా సొంత పడవ డ్రైవ్ మూడుసార్లు నా బల్ల మీదికి వచ్చింది. నలభై గంటలు పనిచేయాల్సిన గేర్లు మొదటిసారి ఇరవై ఆరు గంటలకే పోయాయి. రెండోసారి పంతొమ్మిది. మూడోసారి పదకొండు. షాఫ్టు చివర నిలువుగా ఉండాల్సిన గాడులు మెలి తిరిగిపోయాయి. ఒక పన్ను విరిగి ఆయిల్లో పడి ఉంది.

ఆ పడవకు చక్రం పట్టేది మా అమ్మాయి. పక్క సీట్లో వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ పట్టేది మా తమ్ముడు. పందెం పడవలో ఈ రెండూ ఇద్దరు మనుషుల పనులు. అల మీదికి ఎక్కిన పడవ గాల్లోకి లేస్తుంది. ప్రొపెల్లర్‌కు నీళ్ళు అందక ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. ఆ అరుపు మొదట్లోనే థ్రాటిల్ వెనక్కి లాగాలి. పడవ మళ్ళీ నీళ్ళను తాకుతుండగా ముందుకు తోయాలి. ఆలస్యమైతే ప్రొపెల్లర్ అదే వేగంతో నీళ్ళను కరుస్తుంది, దెబ్బంతా గేర్ల మీద పడుతుంది. గేర్లు పోతే పోనీ, నా దగ్గర అరల నిండా ఉన్నాయి. గంటకు నూట యాభై కిలోమీటర్ల మీద డ్రైవ్ బిగుసుకుపోతే మాత్రం పడవ ముక్కు తిప్పుకుని బోర్లా పడుతుంది. లోపలున్న ఇద్దరికీ విడిభాగాలు నేను తేలేను.

ఆ అరుపును మా తమ్ముడు అందరికంటే ముందు వినేవాడు. రేవులో వాడి పేరు చెవుల్రాజు. నేను అమ్మిన ప్రతి ఇంజిన్నూ ముందు వాడే నడిపి, పక్కన నిలబడి విన్నాడు. చెవుల్రాజు విన్న ఇంజిన్ అంటే కొనేవాడు ఇక బేరం ఆడేవాడు కాదు.

మూడో డ్రైవ్ విప్పిన రోజు లెక్క వేసుకున్నాను. పడవ అదే, ఆయిల్ అదే, సముద్రం అదే. మారింది మనిషే అయ్యుండాలి. ఈమధ్య వాడు ఇంజిన్ దగ్గర నిలబడ్డప్పుడల్లా దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటున్నాడు. మునుపు ఆ అలవాటు లేదు. చెవి పనిని చేతికి అప్పగించాడా? అది తేలాలంటే చేతికి దొరకని లోపం ఒకటి కావాలి.

మర్నాడు పొద్దున వాళ్ళు రాకముందే పరీక్ష గదిలో స్టాండ్ మీదున్న ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ గొట్టం బోల్టులు రెండు వదులు చేశాను. అక్కడ పొగ తన్నితే టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంది, ఇంజిన్ మాత్రం వణకదు. పని రాకున్నా వచ్చని చెప్పుకునే మెకానిక్కును పట్టుకోవడానికి వేసే ఎత్తు అది. తోడబుట్టినవాడి మీద వేశాను.

"ఏంటన్నయ్యా, ఇంజిన్ దగ్గర నీ చేతిలో స్పానర్! ఇవాళ వాన ఖాయం," అంటూ వచ్చాడు తమ్ముడు. వెనకే అమ్మాయి.

"మధ్యాహ్నం పార్టీ వస్తోంది. ఈ ఇంజిన్ ఒకసారి విని చెప్పు."

నేను మాట్లాడుతున్నంతసేపూ వాడు నా పెదాలే చూశాడు. ఆ సంగతీ ఆ రోజే గమనించాను.

"షావుకారుగారికి తొందరెక్కువ. కానీవే అమ్మడూ."

అమ్మాయి స్టార్ట్ చేసింది. టిక్, టిక్, టిక్. ఇంజిన్ల విషయంలో తలుపుచెక్కలాంటిది నా చెవి. దానికే వినపడుతోంది.

తమ్ముడు అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా మొహమంతా నవ్వు పరుచుకుంది.

"వెన్నలా ఉంది. ఇచ్చెయ్."

అమ్మాయి తల చటుక్కున గొట్టం వైపు తిరిగింది. తర్వాత నా వైపు. నేను తననే చూస్తున్నానని తెలిసి, "అవును నాన్నా, బాగానే ఉంది," అంది.

వాడికి వినపడటం లేదు. దానికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

ఇంజిన్ ఆపించి అమ్మాయిని బయట అరల మధ్యకి తీసుకెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"నా దగ్గరా బేరాలు?"

చేతికున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంది. "పోయినేడు సగం నుంచి. పడవ లేచినప్పుడు నేను మోకాలితో తడతాను, బాబాయి లాగేస్తాడు. గెలుస్తున్నాం కదా నాన్నా."

"నువ్వు విని, తట్టి, వాడికి తెలిసి, చెయ్యి లాగేసరికి ఎంతసేపు?"

"అర సెకనుంటుందేమో."

"ఆ అర సెకనే లోపల నా బల్ల మీద ముక్కలై పడుంది. వెళ్ళి చూసుకో."

"నీకు ఎప్పుడూ గేర్లే కనపడతాయి. ఆరేళ్ళప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చక్రం పట్టించింది బాబాయి. నువ్వు దుకాణంలో ఉన్నావ్. ఆ సీట్లోంచి దింపేస్తే ఏమైపోతాడో ఆలోచించావా?"

"దింపకపోతే నువ్వేమైపోతావ్?"

గుడ్డను నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది.

నేను లోపలికి వచ్చి, స్పానర్ తీసుకుని ఆ రెండు బోల్టులూ బిగించాను. తమ్ముడు నా చేతులకేసే చూస్తున్నాడు. వివరించే అవసరం రాలేదు.

"నువ్వే వదులు చేశావా?"

తలూపాను.

"చప్పుడొచ్చిందా?"

"వచ్చింది."

"గట్టిగానా?"

"నాక్కూడా వినపడేంత."

నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చెదిరిపోయింది. "అయితే చాలా గట్టిగానే."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా ముందు ఎప్పుడూ చేతులు కట్టుకుని కూర్చున్నవాడు కాదు. ఆ రోజు కూర్చున్నాడు.

"ఒక్క పందెం అన్నయ్యా. ఆఖరిది. అదయ్యాక నేనే దిగిపోతా. ఎవరికీ తెలీకుండా, మర్యాదగా."

"ఇంజిన్లు నావి. ఇవ్వను."

పెదాలు కనపడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. బేరంలో ఆఖరి మాట మొదటే అనే మనిషిని కాను. కానీ ఇంకో మాట మాట్లాడితే ఒప్పేసుకుంటానని నాకు తెలుసు.

"అప్పనంగా అడిగేవాడితో కూడా నువ్వు ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడతావు," అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ దుకాణం గడప తొక్కలేదు.

థ్రాటిల్‌కు వేరే జట్టులోంచి ఒకణ్ణి తెచ్చాను. అమ్మాయి పందేలకు వెళ్ళింది. మునుపటిలా గెలవలేదు, మూడూ నాలుగూ స్థానాల్లో వచ్చింది. నాతో ఆయిల్ గురించీ, ప్రొపెల్లర్ గురించీ మాట్లాడుతుంది. అన్నం నా ముందే తింటుంది. అంతకు మించి ఏమీ లేదు. ప్రతి ఆదివారం మాత్రం బాబాయి ఇంటికి వెళ్తుంది.

సీజన్ అయిపోయాక డ్రైవ్ విప్పాను. నలభై ఒక్క గంటలు తిరిగింది. గేరు పళ్ళు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. షాఫ్టు గాడులు సూటిగా ఉన్నాయి. ఒక్క పన్నయినా విరిగి ఉండకూడదా అని ఆయిలంతా గుడ్డలో వడగట్టి వెతికాను. నా లెక్క తప్పయితే వాడి కాళ్ళు పట్టుకుని వెనక్కి తెచ్చుకునేవాణ్ణి. తప్పలేదు. లెక్క సరిపోయినందుకు అంత దిగులు పడటం నా జన్మలో అదే మొదలు.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మరదలు తలుపు తీసింది. "రండి బావగారూ. లోపలున్నారు. మాట్లాడతారో లేదో మరి," అంది.

కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పని లేక చేతులు తెల్లబడ్డాయి. గోళ్ళ కింద గ్రీజు లేకుండా వాణ్ణి చూడటం అదే మొదటిసారి. ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, డ్రైవ్ విప్పాను. గేర్లు..." అన్నాను.

కళ్ళు మూసుకున్నాడు.

అంతే. నా మాటను ఆపడానికి వాడికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. కోపంగా మూసుకోలేదు. దుకాణం మూసే వేళయినట్టు, నెమ్మదిగా మూశాడు.

లేచి రావాల్సింది. రాలేకపోయాను. వినపడదన్న ధైర్యంతో మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళు నేను అమ్ముకున్నది ఇంజిన్లు కాదురా, నీ చెవులు అన్నాను. చెవులకు చప్పుడు తగలకుండా పెట్టుకునే మఫ్‌లు నా అరలోనే ఉన్నా, పైవాళ్ళకు అమ్మాను గానీ నీ తలకు తగిలించలేదన్నాను. అవి పెట్టుకుంటే ఇంజిన్ సరిగ్గా వినలేవని, వినకపోతే బేరం తెగదని, నాకు తెలిసే ఊరుకున్నానన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. వాడి రెప్పలు కదలలేదు.

ఆగి చూస్తే గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. అంతా విన్నది.

"తట్టి లేపుతాను బావగారూ," అంది కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇదంతా ఆయన మీ మొహం చూస్తుండగా చెప్పండి."

"చెప్పలేనమ్మా," అన్నాను. వాడు కళ్ళు తెరిచేలోగా చెప్పులేసుకుని మెట్లు దిగాను.